పెద్ద ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసేటప్పుడు డిపెండెన్సీలను ఎలా సంభాళించాలి

లిబ్రెఆఫీస్, ఎల్‌ఎల్‌వీఎం (కంపైలర్ పనిముట్లు), మేసా (గ్రాఫిక్స్ డ్రైవర్లు) లాంటి పెద్ద ప్రాజెక్టును లినక్స్‌లో సోర్స్ నుంచి కట్టేటప్పుడు కంపైల్ చేసే పని కంప్యూటర్‌ది. మన పని దానికి ముందు ఉంటుంది. ఏ లైబ్రరీలు (డిపెండెన్సీలు) కావాలి, ఏ వెర్షన్లు కావాలి, ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి, తెచ్చాక బిల్డ్ సిస్టంకు (ఆటోటూల్స్, సీమేక్, మెసన్ లాంటి కట్టే పనిముట్లకు) అవి కనబడుతున్నాయా లేదా అన్నది చూసుకోవాలి. ఈ ముందుపని నిదానంగా చేస్తే మిగతాది దానంతట అదే సాగిపోతుంది. వచ్చిన ప్రతి ఎర్రర్‌నూ నెట్‌లో వెతికి దొరికిన కమాండునల్లా కొట్టుకుంటూ పోతే, రెండో రోజుకు సిస్టంలో ఏం మారిందో మీకే తెలియకుండా పోతుంది.

‘లేదు’ అంటే ఏది లేదు?

ఒక లైబ్రరీ సిస్టంలో ఉండటం వేరు, దాని ఆధారంగా కొత్త ప్రోగ్రాం కట్టగలగడం వేరు. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌నే తీసుకోండి. ఇప్పటికే నడుస్తున్న ప్రోగ్రాములకు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 లాంటి ఫైళ్లు ఉంటే చాలు, అవి రన్‌టైమ్ ప్యాకేజీలో వస్తాయి. కొత్తగా కట్టడానికి ఇంకో మూడు కావాలి. ఒకటి, హెడర్ ఫైళ్లు. రెండు, వెర్షన్ నంబరు లేని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ అనే సిమ్‌లింక్. లింకర్ వెతికేది దాన్నే. మూడు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్.పీసీ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. వెర్షన్ ఎంత, హెడర్లు ఎక్కడున్నాయి, ఏ ఫ్లాగులతో లింక్ చేయాలి అన్న వివరాలు అందులో రాసి ఉంటాయి.

డెబియన్, ఉబుంటుల్లో ఈ మూడూ పేరు చివర ‘-డెవ్’ ఉన్న ప్యాకేజీలో దొరుకుతాయి. ఫెడోరా, ఓపెన్‌సూసేల్లో ఆ పేరు ‘-డెవెల్’తో ముగుస్తుంది. ఆర్చ్‌లో ఈ విభజన లేదు, సాధారణంగా అన్నీ ఒకే ప్యాకేజీలో వచ్చేస్తాయి.

ఇది తెలిస్తే ఎర్రర్లు చదవడం తేలిక. కంపైల్ మధ్యలో ‘ఎస్‌ఎస్‌ఎల్.హెచ్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటే హెడర్ లేదు. లింక్ దగ్గర ‘కెనాట్ ఫైండ్ -ఎల్‌ఎస్‌ఎస్‌ఎల్’ అంటే ఆ సిమ్‌లింక్ లేదు. కాన్ఫిగర్ దశలోనే (కంపైల్‌కు ముందు ఏవి ఉన్నాయో సరిచూసే దశ) ‘నో ప్యాకేజ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఫౌండ్’ అంటే పీసీ ఫైలు కనబడలేదు. మూడింటికీ మందు ఒకటే, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్.

మీ బిల్డ్ స్క్రిప్టుల్లో ఎప్పుడూ డెవ్ ప్యాకేజీల పేర్లే రాయండి, రన్‌టైమ్ ప్యాకేజీల పేర్లు రాయకండి. ఉబుంటు 24.04లో 64 బిట్ల టైమ్ మార్పు వచ్చినప్పుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 కాస్తా లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3టీ64 అయింది. లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ పేరు మాత్రం మారలేదు. డెవ్ ప్యాకేజీ తనకు తగిన రన్‌టైమ్‌ను తనే తెచ్చుకుంటుంది.

సోర్స్ పూర్తిగా వచ్చిందా

గిట్ నుంచి తీసుకుంటే ‘గిట్ సబ్‌మాడ్యూల్ అప్‌డేట్ --ఇనిట్ --రికర్సివ్’ మరచిపోకండి. గిట్‌హబ్ తనంతట తాను తయారుచేసి ఇచ్చే జిప్, టార్ ఫైళ్లలో సబ్‌మాడ్యూళ్లు (ప్రాజెక్టు తనలోకి తెచ్చుకునే వేరే గిట్ రిపోజిటరీలు) ఉండవు. ఆ ఫోల్డర్లు ఖాళీగా వస్తాయి. అప్పుడు వచ్చే ఎర్రర్ చూస్తే ఏదో లైబ్రరీ లోపించినట్టే ఉంటుంది. ప్రాజెక్టు వాళ్లు విడిగా విడుదల చేసిన టార్‌బాల్ (సోర్స్ అంతా మూటగట్టిన ఫైలు) ఉంటే దాన్నే తీసుకుని, షా256 చెక్‌సమ్, సంతకం ఉంటే సంతకం సరిచూడండి.

టార్‌బాల్‌లో ఉన్నదీ గిట్‌లో ఉన్నదీ ఒకటే అని అనుకోవడానికి లేదు. 2024లో బయటపడిన ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే పనిముట్టు) ఉదంతంలో 5.6.0, 5.6.1 వెర్షన్ల టార్‌బాళ్లలో దొంగ కోడ్‌ను లేపే ఎం4 స్క్రిప్టు గిట్‌లో లేదు, టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. అది దాక్కున్నది కూడా సరిగ్గా కాన్ఫిగర్ దశలోనే. అందుకే డిపెండెన్సీని డిస్ట్రో (డెబియన్, ఫెడోరా లాంటి లినక్స్ పంపిణీ) నుంచి తీసుకోగలిగినప్పుడు ఎక్కడి నుంచో తెచ్చుకోకండి. డిస్ట్రో ప్యాకేజీల మీద నాలుగు కళ్లు ఎక్కువ ఉంటాయి.

మొదట డిస్ట్రోను అడగండి

మీరు కట్టబోయే ప్రాజెక్టును డిస్ట్రో వాళ్లు ఇప్పటికే కట్టి ప్యాకేజీగా ఇస్తూ ఉంటే, వాళ్లు రాసుకున్న డిపెండెన్సీల జాబితాను ఒక్క కమాండుతో వాడుకోవచ్చు. డెబియన్, ఉబుంటుల్లో ‘సుడో ఆప్ట్ బిల్డ్-డెప్ మేసా’. ఫెడోరాలో ‘సుడో డీఎన్‌ఎఫ్ బిల్డ్‌డెప్ మేసా’. ఓపెన్‌సూసేలో ‘జిప్పర్ సోర్స్-ఇన్‌స్టాల్ -డీ మేసా’. ఆర్చ్‌లో పీకేజీబిల్డ్ ఫైలున్న ఫోల్డర్లో ‘మేక్‌పీకేజీ -ఎస్’.

డెబియన్ వైపు ఈ కమాండు కొట్టగానే సోర్సెస్‌లో ‘డెబ్-ఎస్‌ఆర్‌సీ’ వరుసలు పెట్టండి అంటూ ఎర్రర్ రావచ్చు. సోర్స్ ప్యాకేజీల జాబితా మామూలుగా ఆఫ్‌లో ఉండటమే కారణం. పాత పద్ధతిలో సోర్సెస్.లిస్ట్‌లో ఆ వరుసల ముందున్న హ్యాష్ గుర్తు తీసేయాలి. ఉబుంటు 24.04 నుంచి వాడుతున్న కొత్త పద్ధతిలో ఉబుంటు.సోర్సెస్ ఫైలు తెరిచి, ‘టైప్స్: డెబ్’ అని ఉన్నచోట పక్కనే ‘డెబ్-ఎస్‌ఆర్‌సీ’ అని చేర్చాలి. తర్వాత ‘ఆప్ట్ అప్‌డేట్’.

బిల్డ్-డెప్‌తో ఒక ఇబ్బంది ఉంది. అది వేసిన వందల ప్యాకేజీలను మీరే స్వయంగా వేసుకున్నట్టు గుర్తుపెట్టుకుంటుంది, కాబట్టి పని అయ్యాక ‘ఆటోరిమూవ్’ వాటిని ముట్టదు. దానికి బదులు డెవ్‌స్క్రిప్ట్స్, ఈక్వివ్స్ ప్యాకేజీలు వేసుకుని ‘ఎంకే-బిల్డ్-డెప్స్ --ఇన్‌స్టాల్’ వాడండి. అది డిపెండెన్సీలన్నిటినీ మూటగట్టి ఒక డొల్ల ప్యాకేజీ తయారుచేస్తుంది. పని అయ్యాక ఆ ఒక్కదాన్ని తీసేసి ఆటోరిమూవ్ కొడితే అన్నీ పోతాయి.

డిస్ట్రో జాబితా పాత వెర్షన్‌ది అన్నది గుర్తుంచుకోండి. మీరు కొత్త వెర్షన్ కడుతుంటే చాలావరకు సరిపోతుంది, రెండు మూడు మిగిలిపోతాయి. ఆ మిగిలినవే అసలు పని.

కొన్ని ప్రాజెక్టులకు సొంత ఏర్పాట్లు ఉంటాయి. ఉంటే వాటిని కాదని వేరే దారి తొక్కకండి. ఫైర్‌ఫాక్స్‌కు ‘మాక్ బూట్‌స్ట్రాప్’ ఉంది. క్రోమియంకు సోర్స్‌లోనే ఇన్‌స్టాల్-బిల్డ్-డెప్స్ అనే స్క్రిప్టు ఉంది. జీసీసీలో కాంట్రిబ్ ఫోల్డర్లోని డౌన్‌లోడ్_ప్రీరిక్విజిట్స్ నడిపితే జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ, ఐఎస్‌ఎల్ సోర్సులను తెచ్చి సరైన చోట పెడుతుంది. వాటిని విడివిడిగా కట్టుకోవాల్సిన పని ఉండదు. జీసీసీని సోర్స్ ఫోల్డర్లో కాకుండా పక్కన వేరే ఫోల్డర్ పెట్టుకుని కట్టాలి. 32 బిట్ల లైబ్రరీలు అక్కర్లేకపోతే ‘--డిసేబుల్-మల్టీలిబ్’ ఇవ్వండి. ఇవ్వకపోతే 32 బిట్ల డెవలప్‌మెంట్ లైబ్రరీలు లేవంటూ కాన్ఫిగర్ దశలోనే ఆగిపోతుంది.

లినక్స్ కెర్నల్‌కు పెద్ద జాబితా అక్కర్లేదు. కంపైలర్, మేక్‌లతో పాటు ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబ్‌ఎల్ఫ్-డెవ్, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ ఉంటే మామూలు కాన్ఫిగ్ కట్టేయవచ్చు. ఏ పనిముట్టు కనీసం ఏ వెర్షన్ ఉండాలో కెర్నల్ డాక్యుమెంటేషన్‌లోని చేంజెస్ ఫైలులో ఉంటుంది.

కాన్ఫిగర్ చెప్పేది పూర్తిగా చదవండి

ఈ మొత్తం పనిలో దేనికైనా ఎక్కువ సమయం ఇవ్వాలంటే దీనికే ఇవ్వండి. కాన్ఫిగర్ ఎర్రర్ లేకుండా ముగిసింది కదా అని వెంటనే మేక్ కొట్టకూడదు. చాలా ప్రాజెక్టుల్లో ఐచ్ఛికమైన డిపెండెన్సీలు ‘ఆటో’లో ఉంటాయి. లైబ్రరీ దొరికితే ఆ సౌకర్యం చేరుతుంది, దొరకకపోతే చప్పుడు చేయకుండా జారిపోతుంది. రెండు గంటలు కంపైల్ అయ్యాక ప్రోగ్రాం నడిపితే ఆడియో రాదు, లేదా వేలాండ్ (తెర మీద విండోలు చూపే వ్యవస్థ) మీద తెరుచుకోదు. చివర్లో వచ్చే సారాంశంలో ‘నో’ అని ఉన్న ప్రతి వరుసనూ చూసి, ఇది నాకు అవసరమా అని ఆలోచించండి. అవసరమైనవాటిని ఆటోలో వదిలేయకుండా గట్టిగా అడగండి. మెసన్‌లో ఆ ఆప్షన్ పేరుకు ‘=ఎనేబుల్డ్’ అని, ఆటోటూల్స్‌లో ‘--విత్’ లేదా ‘--ఎనేబుల్’ అని ఇస్తే లైబ్రరీ దొరకనప్పుడు అక్కడే ఆగి చెబుతుంది. ఎర్రర్ ఎంత ముందు వస్తే అంత మంచిది. అక్కర్లేనివాటిని తెగేసి ‘డిసేబుల్డ్’ చేయండి, డిపెండెన్సీల జాబితాలో సగం బరువు అక్కడే దిగుతుంది.

తెర మీద కనిపించేది సగమే. అసలు సంగతి లాగ్‌లో ఉంటుంది. ఆటోటూల్స్‌కు కాన్ఫిగ్.లాగ్, మెసన్‌కు మెసన్-లాగ్స్ ఫోల్డర్లోని మెసన్-లాగ్. సీమేక్‌కైతే ‘--డీబగ్-ఫైండ్’ ఇచ్చి నడిపితే ఏ లైబ్రరీ కోసం ఏయే ఫోల్డర్లు తిరిగిందో వరుసగా రాస్తుంది. సీమేక్ 3.17 నుంచి ఈ ఆప్షన్ ఉంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూడండి. కాన్ఫిగర్ ‘కైరో: నో’ అంది. మీరు కైరో (బొమ్మలు గీసే లైబ్రరీ) డెవ్ ప్యాకేజీ వేసే ఉన్నారు. పీసీ ఫైళ్లను చదివే పనిముట్టు పీకేజీ-కాన్ఫిగ్‌ను ‘పీకేజీ-కాన్ఫిగ్ --ప్రింట్-ఎర్రర్స్ --ఎగ్జిస్ట్స్ కైరో’ అని నేరుగా అడిగితే ‘ప్యాకేజ్ పిక్స్‌మన్-1, రిక్వైర్డ్ బై కైరో, నాట్ ఫౌండ్’ అంటుంది. లేనిది కైరో కాదు, పిక్స్‌మన్. కైరో పీసీ ఫైలు పిక్స్‌మన్‌ను అడుగుతోంది, అది దొరక్కపోతే కైరో కూడా లేనట్టే లెక్క. ప్యాకేజీ మేనేజరుతో వేసుకున్నప్పుడు ఇది దాదాపు జరగదు. కొన్ని లైబ్రరీలను చేత్తో కట్టుకుని వేరే చోట పెట్టుకున్నప్పుడే ఎదురవుతుంది. తీగ లాగితే డొంకంతా కదిలే వ్యవహారం కాబట్టి, లాగేముందు తీగ కొస ఎక్కడుందో చూసుకోండి.

ఫైలు పేరు తెలుసు, అది ఏ ప్యాకేజీలో ఉందో తెలియదు అన్నప్పుడు డెబియన్ వైపు ‘ఆప్ట్-ఫైల్ సెర్చ్’ ఉంది. ముందు ఒకసారి ‘ఆప్ట్-ఫైల్ అప్‌డేట్’ చేయాలి. ఫెడోరాలో ‘డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్’ ఆ పని చేస్తుంది. అంతకంటే సుఖమైన దారి కూడా ఫెడోరాలో ఉంది. ఇన్‌స్టాల్ కమాండుకు ప్యాకేజీ పేరుకు బదులు పీకేజీకాన్ఫిగ్ అని రాసి, బ్రాకెట్లలో పీసీ పేరు ఇస్తే సరైన ప్యాకేజీని అదే ఎంచుకుంటుంది.

ఆటోటూల్స్‌లో అందరినీ తికమకపెట్టే ఎర్రర్ ఒకటి ఉంది. గిట్ నుంచి తెచ్చిన సోర్స్‌లో ‘ఆటోరీకాన్ఫ్ -ఎఫ్‌ఐ’ కొట్టి, కాన్ఫిగర్ నడిపితే ‘సింటాక్స్ ఎర్రర్ నియర్ అనెక్స్‌పెక్టెడ్ టోకెన్’ అంటుంది. ఆ వరుసలో చూస్తే పీకేజీ_చెక్_మాడ్యూల్స్ అన్న పదం ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. స్క్రిప్టులో తప్పేమీ లేదు. ఆటోరీకాన్ఫ్ చేసిన సమయానికి పీకేజీ-కాన్ఫిగ్ ఇన్‌స్టాల్ అయి లేదు, అందువల్ల ఆ మాక్రో విస్తరించకుండా అలాగే మిగిలిపోయింది. పీకేజీ-కాన్ఫిగ్ వేసి ఆటోరీకాన్ఫ్ మళ్లీ కొట్టండి. ఒక్క కాన్ఫిగర్‌నే తిరిగి నడిపితే ఫలితం ఉండదు.

ఉన్నా కనబడటం లేదంటే

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, లైబ్రరీ డిస్క్ మీదే ఉన్నా బిల్డ్ సిస్టం లేదంటూ ఉంటుంది. మూడు చోట్ల చూడండి.

పీకేజీ-కాన్ఫిగ్ ఎక్కడెక్కడ వెతుకుతోందో ‘పీకేజీ-కాన్ఫిగ్ --వేరియబుల్=పీసీ_పాత్ పీకేజీ-కాన్ఫిగ్’ చెబుతుంది. మీ ఫైలు ఆ ఫోల్డర్లలో లేకపోతే పీకేజీ_కాన్ఫిగ్_పాత్ వేరియబుల్‌లో దాని ఫోల్డరు చేర్చండి. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ అని దాదాపు ఇదే పేరుతో ఇంకోటి ఉంది. మొదటిది ఉన్న జాబితాకు ముందు చేరుతుంది, రెండోది ఆ జాబితాను పూర్తిగా తీసేసి తానే కూర్చుంటుంది. వేరే ప్రాసెసర్ కోసం క్రాస్ కంపైల్ చేసేటప్పుడే రెండోదాని అవసరం.

రెండోది సీమేక్ క్యాష్. ఒకసారి దొరికిన లైబ్రరీ దారిని సీమేక్ క్యాష్ ఫైలులో రాసుకుని, తర్వాత మీరు ఎన్ని మార్చినా దాన్నే వాడుతుంది. పాత వెర్షన్ తీసి కొత్తది వేసినా పాతదారే పట్టుకుని ఉంటుంది. సీమేక్ 3.24 నుంచి ‘--ఫ్రెష్’ ఇస్తే క్యాష్‌ను పక్కన పెట్టి మొదటి నుంచి చూస్తుంది. అంతకంటే పాతదైతే బిల్డ్ ఫోల్డర్ తీసేయడమే. మెసన్‌కు ‘మెసన్ సెటప్ --వైప్’.

మూడోది షెల్ వాతావరణం. కాండా (తన ప్యాకేజీలు తానే తెచ్చుకునే పనిముట్టు) ఎన్విరాన్‌మెంట్ ఆన్‌లో ఉంటే దాని సీమేక్, దాని పీకేజీ-కాన్ఫిగ్, దాని జీలిబ్ ముందు వరుసలోకి వస్తాయి. కొంత సిస్టం నుంచి, కొంత కాండా నుంచి కలగాపులగంగా లింక్ అయి చివర్లో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అంటుంది. బిల్డ్ మొదలుపెట్టేముందు డీయాక్టివేట్ చేయండి.

అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ ఎర్రర్‌లో ‘ఎస్‌టీడీ::__సీఎక్స్‌ఎక్స్11’ అన్న ముక్క కనబడితే కారణం వేరు. జీసీసీ 5తో సీ++ స్ట్రింగ్‌కు కొత్త ఏబీఐ (కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతి) వచ్చింది. ఒక లైబ్రరీ పాత ఏబీఐతో, మీ కోడ్ కొత్త ఏబీఐతో కట్టి ఉన్నాయన్నమాట. ఆ లైబ్రరీని మీ కంపైలర్‌తో తిరిగి కట్టుకోవాలి. ఫ్లాగులతో సర్దుకోబోతే సమస్య ఇంకో లైబ్రరీ దగ్గరికి మారుతుంది.

డిస్ట్రోలో ఉన్న వెర్షన్ చాలకపోతే

మేసా కాన్ఫిగర్ చేస్తున్నారు. మెసన్ ‘డిపెండెన్సీ లిబ్‌డీఆర్‌ఎం ఫౌండ్: నో’ అని, మీ దగ్గరున్న వెర్షన్ ఇది, కావలసింది అంతకంటే కొత్తది అని చెప్పి ఆగింది. ముందు డిస్ట్రో బ్యాక్‌పోర్ట్స్‌లో (పాత విడుదలకు కొత్త ప్యాకేజీలు ఇచ్చే చోట) కొత్తది ఉందేమో చూడండి. లేకపోతే మీరే కట్టాలి. కడితే దాన్ని యూఎస్‌ఆర్‌లో వేయకండి, యూఎస్‌ఆర్/లోకల్‌లో కూడా వేయకండి. యూఎస్‌ఆర్‌లో వేస్తే ప్యాకేజీ మేనేజరు ఫైళ్ల మీద పడి రాసినట్టే, తర్వాతి అప్‌డేట్‌లో ఏది మిగులుతుందో చెప్పలేం. లోకల్‌లో వేస్తే డెబియన్ లాంటి చోట్ల సిస్టంలోని మిగతా ప్రోగ్రాములు కూడా మీ కొత్త లైబ్రరీనే ఎత్తుకుంటాయి. ఈ ప్రాజెక్టు కోసమే హోం ఫోల్డర్లో ‘డెప్స్’ అని ఒక విడి ప్రిఫిక్స్ (ఇన్‌స్టాల్ చేసే ఫోల్డర్) పెట్టుకోండి.

లిబ్‌డీఆర్‌ఎం సోర్స్ తెచ్చి, ‘మెసన్ సెటప్ బిల్డ్ --ప్రిఫిక్స్=’ తర్వాత ఆ ఫోల్డర్ పూర్తి దారి ఇచ్చి, దానితో పాటు ‘--లిబ్‌డిర్=లిబ్’ కూడా ఇవ్వండి. ఈ రెండో ఆప్షన్ చిన్నదే కానీ చాలా గంటలు కాపాడుతుంది. ఇవ్వకపోతే మెసన్ డెబియన్‌లో లైబ్రరీని లిబ్ కింద ఎక్స్86_64-లినక్స్-గ్నూ అనే లోపలి ఫోల్డర్లో, ఫెడోరాలో లిబ్64లో వేస్తుంది. మీరేమో పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌లో లిబ్/పీకేజీకాన్ఫిగ్ అని రాసి, ఎందుకు కనబడదో అర్థంకాక కూర్చుంటారు. ఆ తర్వాత ‘నింజా -సీ బిల్డ్ ఇన్‌స్టాల్’ (నింజా అంటే మేక్ లాంటి పనిముట్టు).

ఇప్పుడు ఒక చిన్న షెల్ ఫైలు రాసుకోండి. అందులో నాలుగు వరుసలు చాలు. పాత్‌కు ముందు డెప్స్/బిన్, పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌కు డెప్స్/లిబ్/పీకేజీకాన్ఫిగ్, సీమేక్_ప్రిఫిక్స్_పాత్‌కు డెప్స్, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌కు డెప్స్/లిబ్. హెడర్లూ ప్రోటోకాల్ ఫైళ్లూ మాత్రమే ఉన్న ప్యాకేజీలు తమ పీసీ ఫైలును షేర్/పీకేజీకాన్ఫిగ్‌లో వేస్తాయి, వేలాండ్-ప్రోటోకాల్స్ అలాంటిదే. కాబట్టి ఆ ఫోల్డర్‌ను కూడా చేర్చండి. ఈ ఫైలును బాష్‌ఆర్‌సీలో కలపకండి. ఈ ప్రాజెక్టు పని చేసే టెర్మినల్లో మాత్రమే ‘సోర్స్’ చేయండి. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అన్ని టెర్మినళ్లలోకీ పాకితే సంబంధం లేని ప్రోగ్రాములు తెరుచుకోవడం మానేస్తాయి.

తర్వాత ‘పీకేజీ-కాన్ఫిగ్ --మాడ్‌వెర్షన్ లిబ్‌డీఆర్‌ఎం’ కొట్టి కొత్త నంబరు వస్తోందని చూసుకున్నాకే మేసా దగ్గరికి వెళ్లండి.

కట్టాల్సినవి నాలుగైదు అయితే వరుస ముఖ్యం. ఎవరి మీదా ఆధారపడనిది ముందు, దాని మీద ఆధారపడేది తర్వాత. ఒక్కొక్కటి వేశాక దాని వెర్షన్ సరిచూసి గానీ తర్వాతిదానికి వెళ్లకండి. జాబితా పది దాటుతోందంటే చేత్తో చేయడం మానేసి స్పాక్, నిక్స్, వీసీపీకేజీ లాంటి వాటిని, కేడీఈకైతే కేడీఈ-బిల్డర్‌ను పట్టుకోండి. లేదా కొత్త డిస్ట్రో ఉన్న కంటైనర్లో కట్టండి, డిపెండెన్సీలన్నీ తయారుగా ఉంటాయి.

ఇక నడిపేటప్పటి సంగతి. కట్టిన ప్రోగ్రాం ‘కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్’ అంటే అది కంపైల్ సమస్య కాదు, డైనమిక్ లోడర్‌కు మీ డెప్స్ ఫోల్డర్ తెలియదు. శాశ్వతంగా వాడబోతే ఆర్‌పాత్ (లైబ్రరీలున్న ఫోల్డర్ దారిని ప్రోగ్రాంలోనే రాసి ఉంచడం) పెట్టడం మేలు. సీమేక్ ఇన్‌స్టాల్ దశలో ఆర్‌పాత్‌ను తీసేస్తుంది, అందుకే బిల్డ్ ఫోల్డర్ నుంచి నడిచింది ఇన్‌స్టాల్ చేశాక నడవదు. సీమేక్_ఇన్‌స్టాల్_ఆర్‌పాత్_యూజ్_లింక్_పాత్‌ను ఆన్ చేస్తే ఆ దారి ఇన్‌స్టాల్ తర్వాతా మిగులుతుంది. ‘ఎల్‌డీడీ’తో ఒకసారి చూడండి. ఒకే లైబ్రరీ రెండు వేర్వేరు వెర్షన్లలో కనబడితే, అంటే మీది ఒకటి, సిస్టంలోని మరో లైబ్రరీ లాక్కొచ్చింది ఒకటి, ప్రోగ్రాం ఎక్కడో ఒకచోట కూలుతుంది. ఆ మధ్య లైబ్రరీని కూడా డెప్స్‌లోనే తిరిగి కట్టడం తప్ప దారి లేదు.

ప్రాజెక్టు తనతో తెచ్చుకునే లైబ్రరీలు

లిబ్రెఆఫీస్ తనకు కావలసిన బయటి లైబ్రరీల్లో చాలావాటిని తనే దించుకుని కట్టుకుంటుంది. ‘మేక్ ఫెచ్’ కొడితే అన్నీ ఎక్స్‌టర్నల్/టార్‌బాల్స్ ఫోల్డర్లోకి వస్తాయి. ‘--విత్-సిస్టమ్-లిబ్స్’ ఇస్తే సిస్టంలోవి వాడుతుంది. సొంతంగా వాడుకోవడానికి కడుతుంటే మొదటి పద్ధతే నయం, పరీక్షించిన వెర్షన్లు అవే. డిస్ట్రో ప్యాకేజీ తయారుచేస్తుంటే రెండోది కావాలి, లేకపోతే ఒక లైబ్రరీలో భద్రతా లోపం వచ్చినప్పుడు మీ ప్రతి బిల్డ్‌నూ తిరిగి చేయాలి.

మెసన్ ప్రాజెక్టుల్లో ర్యాప్ ఫైళ్ల (ఏ లైబ్రరీని ఎక్కడి నుంచి తేవాలో రాసిన ఫైళ్లు) ద్వారా ఇదే జరుగుతుంది. సిస్టంలో లేనిదాన్ని కాన్ఫిగర్ మధ్యలో నెట్ నుంచి తెచ్చేసుకుంటుంది. తెలియకుండా ఏదీ దిగకూడదంటే ‘--ర్యాప్-మోడ్=నోడౌన్‌లోడ్’ ఇవ్వండి.

పాత సోర్స్, కొత్త పనిముట్లు

డిపెండెన్సీ అంటే లైబ్రరీలే కాదు, కంపైలరూ బిల్డ్ పనిముట్లూ కూడా. పాత సోర్స్ కొత్త డిస్ట్రోలో ఆగిపోతే కారణం తరచుగా వీటిలో ఒకటి అవుతుంది. జీసీసీ 13లో హెడర్లు ఒకదాన్నొకటి లాక్కురావడం తగ్గింది, ‘యుఇంట్32_టీ’ తెలియదంటే ఆ ఫైలులో సీఎస్‌టీడీఇంట్ ఇన్‌క్లూడ్ చేర్చాలి. 2024లో వచ్చిన జీసీసీ 14 డిక్లేర్ చేయని ఫంక్షన్‌ను పిలిస్తే హెచ్చరికతో ఊరుకోదు, ఎర్రర్ ఇస్తుంది. జీసీసీ 15 సీ భాషకు సీ23 ప్రమాణాన్ని తీసుకుంటుంది. అందులో ‘బూల్’ కీలకపదం కాబట్టి సొంతంగా బూల్‌ను టైప్‌డెఫ్ చేసుకున్న పాత కోడ్ పగులుతుంది. అప్పుడు ‘-ఎస్‌టీడీ=గ్నూ17’ ఇవ్వండి. సీమేక్ 3.5 కంటే పాత వెర్షన్ల కోసం రాసిన ప్రాజెక్టులకు ఉన్న మద్దతును సీమేక్ 4.0 తీసేసింది. సీమేక్_పాలసీ_వెర్షన్_మినిమమ్‌కు 3.5 ఇస్తే చాలా ప్రాజెక్టులు ముందుకు నడుస్తాయి. పైథాన్ 3.12లో డిస్ట్‌యుటిల్స్ లేదు, సెటప్‌టూల్స్ వేస్తే పాత స్క్రిప్టులు చాలావరకు సర్దుకుంటాయి.

కొత్త మెసన్ కావాలని పిప్ కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అంటూ అడ్డుకుంటుంది. బలవంతంగా దాటే ఆప్షన్ ఉంది, వాడకండి. పైథాన్ వెన్వ్ (సిస్టంతో కలవని విడి ఎన్విరాన్‌మెంట్) ఒకటి తెరిచి అందులో వేసుకోండి.

మెమరీ, జాబులు

‘ఫేటల్ ఎర్రర్: కిల్డ్ సిగ్నల్ టర్మినేటెడ్ ప్రోగ్రాం సీసీ1ప్లస్’ అని వస్తే ఏ లైబ్రరీ కోసమూ వెతకకండి. ర్యామ్ అయిపోయి కెర్నల్ కంపైలర్‌ను చంపేసింది. ‘డీమెసెజ్’లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ వరుస కనబడుతుంది. భారీ సీ++ కోడ్‌కు ఒక్కో జాబుకు (ఒకేసారి నడిచే కంపైల్ పనుల్లో ఒక్కోదానికి) 2 జీబీ చొప్పున లెక్కవేసుకుని జాబుల సంఖ్య ఇవ్వండి. 16 కోర్లున్నా ర్యామ్ 16 జీబీయే అయితే ‘-జే8’ చాలు. లింకింగ్ ఇంకా బరువు. ఎల్‌ఎల్‌వీఎంలో దానికోసమే ఎల్‌ఎల్‌వీఎం_పారలెల్_లింక్_జాబ్స్ ఉంది, నింజాతో కట్టేటప్పుడు పని చేస్తుంది. 1 లేదా 2 పెట్టండి. క్లాంగ్‌తో కలిపి డీబగ్ బిల్డ్ 15 నుంచి 20 జీబీ డిస్క్ తీసుకుంటుందని వాళ్ల డాక్యుమెంటేషనే చెబుతోంది. డీబగ్ అవసరం లేకపోతే రిలీజ్ బిల్డ్ ఎంచుకోండి. క్రోమియం 100 జీబీ ఖాళీ అడుగుతుంది.

జాబులు ఎక్కువగా నడుస్తున్నప్పుడు అసలు ఎర్రర్ పైకి వెళ్లిపోయి, చివర్లో ‘మేక్: ఎర్రర్ 2’ మాత్రం మిగులుతుంది. అది కేవలం ఆగిపోయానన్న కబురు. అవుట్‌పుట్‌ను ఫైలులోకి పంపి మొదటి ‘ఎర్రర్:’ ఎక్కడుందో వెతకండి, లేదా ‘-జే1’తో మరోసారి నడపండి. పూర్తి కమాండు చూడాలంటే ‘నింజా -వీ’, సీమేక్ తయారుచేసిన మేక్‌ఫైలుకు ‘మేక్ వెర్బోస్=1’.

డిపెండెన్సీలు మార్చి మార్చి కట్టేటప్పుడు సీక్యాష్ (ఒకసారి కంపైల్ చేసినదాన్ని దాచి తిరిగి వాడేది) బాగా ఉపయోగపడుతుంది. సీమేక్‌లో సీ, సీ++ రెండింటికీ కంపైలర్_లాంచర్‌గా ఇవ్వండి. దాని పరిమితి మామూలుగా 5 జీబీయే, పెద్ద ప్రాజెక్టుకు చాలదు. ‘సీక్యాష్ -ఎం 20జీ’ కొట్టి పెంచుకోండి.

కంటైనర్‌లో కట్టడం, శుభ్రం చేయడం

ఒకటి రెండు సార్లకు మించి కట్టే పనైతే పాడ్‌మన్ లేదా డాకర్‌లో శుభ్రమైన డిస్ట్రో ఇమేజ్ తీసుకుని అక్కడ కట్టండి. మీ సిస్టంలో ఎప్పుడో వేసుకున్న లైబ్రరీ వల్ల బిల్డ్ సాగిపోయి, వేరేవాళ్ల దగ్గర ఆగిపోయే పరిస్థితి ఇక్కడ రాదు. లేనిది లేనట్టే తేలుతుంది. కావలసిన ప్యాకేజీలన్నీ డాకర్‌ఫైలులో రాసి ఉంటాయి, అదే మీ డిపెండెన్సీల జాబితా. ఫెడోరా లాంటి ఎస్‌ఈలినక్స్ ఉన్న చోట సోర్స్ ఫోల్డర్‌ను మౌంట్ చేసేటప్పుడు చివర కోలన్, పెద్ద జెడ్ చేర్చండి. లేకపోతే లోపలి నుంచి ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది.

కట్టిందాన్ని ఇన్‌స్టాల్ చేసేముందు ‘డెస్ట్‌డిర్’కు ఒక ఖాళీ ఫోల్డర్ ఇచ్చి ‘మేక్ ఇన్‌స్టాల్’ నడిపి, ఏ ఫైళ్లు ఎక్కడికి వెళ్తున్నాయో చూడండి. సీమేక్ అయితే ఇన్‌స్టాల్ అయ్యాక ఆ జాబితాను బిల్డ్ ఫోల్డర్లోనే ఇన్‌స్టాల్_మానిఫెస్ట్ అనే ఫైలులో వదులుతుంది. తర్వాత తీసేయాలన్నప్పుడు అదే ఆధారం కాబట్టి బిల్డ్ ఫోల్డర్ తుడిచేముందు దాన్ని కాపీ చేసి పెట్టుకోండి. అన్నీ విడి ప్రిఫిక్స్‌లో వేసి ఉంటే అది కూడా అక్కర్లేదు. ఆ ఒక్క ఫోల్డర్ తీసేసి, ఎంకే-బిల్డ్-డెప్స్ వేసిన డొల్ల ప్యాకేజీని తొలగించి, ఆటోరిమూవ్ కొడితే సిస్టం మొదట ఎలా ఉందో అలా తిరిగి వస్తుంది.